బిడ్డ తినడం లేదు సరే... మరి తల్లి?

“మేడం, వీడు ఏమీ తినడు మేడం! రెండు ముద్దలు లోపలికి పోయేసరికి నా ప్రాణం పోతా ఉంది. ఏదన్నా మంచి టానిక్కు రాయండి.”

పిల్లల తల్లులు వచ్చే రోజున ఆస్పత్రిలో కూర్చుంటే మధ్యాహ్నంలోపల ఈ మాట ఎన్నిసార్లు నా చెవిన పడుతుందో లెక్కలేదు. తిరుపతిలో పనిచేసినప్పుడూ ఇదే మాట, చిత్తూరులో పనిచేసినప్పుడూ ఇదే మాట, పలమనేరు దగ్గర పల్లెలో ఉన్నప్పుడూ ఇదే మాట. తల్లి కట్టుకున్న చీర మారవచ్చు, చేతిలో సంచీకి బదులు సెల్‌ఫోను ఉండవచ్చు. మాట మాత్రం మారదు.

ఈసారి వచ్చిన తల్లికి ఇరవై ఆరేళ్లుంటాయి. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దది అయిదేళ్ల పాప, బడికి పోయింది. చిన్నవాడికి మూడేళ్లు. వాడి మీదే ఫిర్యాదు. ఆమె తన గోడు చెప్పుకుంటూ ఉండగానే ఆ “ఏమీ తినని” వాడు నా బల్ల కిందికి దూరి, అవతలి వైపు తేలి, నా స్టెతస్కోపు లాగి, నర్సమ్మ చేతిలోని రిజిస్టరు కింద పడేశాడు. బరువు చూస్తే 13 కిలోలు. ఎత్తు 94 సెంటీమీటర్లు. కళ్లు, అరచేతులు ఎర్రగా ఉన్నాయి. పొట్ట మెత్తగా ఉంది. వాడికి ఏ జబ్బూ లేదు.

“వీడికి టానిక్కు అక్కరలేదమ్మా!” అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. మందు రాయని డాక్టరు దగ్గరికి ఆటో చార్జీలు పెట్టుకుని వచ్చానే అనిపించి ఉంటుంది. పక్కన వచ్చిన అత్తగారు అయితే పైకే అనేసింది: “పోయిన ఏడాదికి బాగా తింటా ఉండె మేడం. దిష్టి తగిలిందేమో!”

దిష్టి తీసినందువల్ల బిడ్డకు వచ్చే నష్టమేమీ లేదు. ఉప్పూ మిరపకాయలూ దింపి పొయ్యిలో వేసుకోవచ్చు. కాని ఆ పెద్దావిడ చెప్పిన దాంట్లో గట్టి నిజం ఒకటి ఉన్నది. ఏడాది లోపల బాగా తిన్న పిల్లలు ఏడాది దాటాక తిండి తగ్గించేస్తారు. దాదాపు అందరు పిల్లలూ ఇంతే. కారణమేమిటో తెలిస్తే తల్లుల బెంగ సగం తగ్గిపోతుంది.

మొదటి ఏడు వేరు, తరువాత వేరు

పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ అయిదారు నెలలకు రెట్టింపు బరువు అవుతాడు. ఏడాది నిండేసరికి సుమారు మూడు రెట్లు, అంటే తొమ్మిది కిలోలకు అటూ ఇటుగా వస్తాడు. ఒక్క ఏడాదిలో ఆరు కిలోలు! పొడవు కూడా యాభై సెంటీమీటర్ల నుంచి డెబ్భై అయిదుకు పెరుగుతుంది. మనిషి జీవితంలో తల్లి కడుపులోంచి బయటపడ్డాక ఇంత వేగంగా పెరిగే కాలం మళ్లీ రాదు.

రెండో ఏట పెరిగే బరువు రెండున్నర కిలోలే. ఆ తరువాత అయిదేళ్ల వరకు ఏడాదికి రెండు కిలోల చొప్పున మాత్రమే. ఇల్లు కట్టేటప్పుడు లారీల కొద్దీ ఇసుక, సిమెంటు దిగుతాయి. ఇల్లు పూర్తయ్యాక అన్ని లారీలు రావు కదా! అలాగే పెరుగుదల వేగం తగ్గితే ఆకలీ తగ్గుతుంది. అదే సమయానికి వాడికి నడక వస్తుంది. లోకమంతా కనబడుతుంది. పిల్లి, కాకి, మోటారుసైకిలు, పక్కింటి తాళంచెవులు... వీటిని వదిలి పళ్లెం ముందు కూర్చోవడానికి వాడికి తీరిక ఎక్కడిది?

ఇంకొక సంగతి. మూడేళ్ల పిల్లవాడి పొట్ట ఎంత? తల్లి తన ఆకలితో కొలిచి పళ్లెంలో పెడుతుంది. ఒక్కొక్క పదార్థం వయస్సుకొక చెంచా చొప్పున పెట్టి చూడండని మేము చెబుతుంటాము. మూడేళ్లవాడికి అన్నం మూడు పెద్ద చెంచాలు, పప్పు మూడు చెంచాలు, కూర మూడు చెంచాలు. అది చాలక అడిగితే మళ్లీ పెట్టవచ్చు. ఇంత తక్కువా అని ఆశ్చర్యపోయే తల్లులే ఎక్కువ. కొద్దిగా పెట్టి మళ్లీ అడిగించుకోవడంలో ఉన్న సుఖం, కుప్పగా పెట్టి బతిమాలడంలో లేదు.

మరి బిడ్డ సరిగా పెరుగుతున్నాడో లేదో ఎట్లా తెలుస్తుంది? తిన్న ముద్దలు లెక్కపెడితే తెలియదు. త్రాసు మీద పెడితే తెలుస్తుంది. అంగన్వాడీలో ప్రతి నెలా పిల్లలను తూచి కార్డులో గుర్తు పెడతారు. ఆ కార్డులోని గీతలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసినవి. బ్రెజిల్, ఘనా, భారతదేశం, నార్వే, ఒమాన్, అమెరికా, ఈ ఆరు దేశాలలో పిల్లలను కొలిచి వాటిని తయారుచేశారు. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలను తీసుకున్నారు. తల్లిపాలు తాగి, మంచి తిండి, శుభ్రత ఉన్న పిల్లలు ఏ దేశంలోనైనా ఇంచుమించు ఒకే తీరున పెరుగుతారని అందులో తేలింది. కనుక “మనవాళ్లు ఇంతేలెమ్మా, బక్కప్రాణులు” అనుకోవడమూ సరికాదు, పక్కింటి బొద్దు బాబును చూసి దిగులుపడటమూ సరికాదు. మన బిడ్డ గీత నెలనెలా పైకి పోతూ ఉన్నదా అనేదే చూసుకోవాలి.

గిన్నె పట్టుకుని పరుగు

ఇక్కడ నా సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. మెడిసిన్ పుస్తకాలలో పిల్లల పెరుగుదల గురించి పేజీలకు పేజీలు చదివి, పరీక్షలు రాసి ప్యాసయినదాన్ని. అయినా మా అమ్మాయికి రెండేళ్లప్పుడు నేనూ క్వార్టర్స్ చుట్టూ పప్పన్నం గిన్నె పట్టుకుని తిరిగినదాన్నే. ఒక ముద్దకు ఒక కాకి, ఇంకొక ముద్దకు ఒక బస్సు. ముద్ద బుగ్గన పెట్టుకుని గంటసేపు మింగేది కాదు. ఒకనాడు విసుగెత్తి ముక్కు మూసి మింగించాను. తిన్నదంతా కక్కేసింది. ఆ రాత్రి గిన్నె చూడగానే ఏడుపు. ఆ ఏడుపు పోవడానికి నాకు నెలరోజులు పట్టింది. తల్లినయ్యాక చదువు ఏ మూలకు పోతుందో తెలియదు!

కాకిని చూపించి పెట్టే రోజులు పోయి ఇప్పుడు సెల్‌ఫోను చూపించి పెట్టే రోజులు వచ్చాయి. కాకి ఎగిరిపోయేది, ఫోను ఎగిరిపోదు. బొమ్మ చూస్తూ తినే పిల్లవాడికి తను ఏమి తింటున్నాడో, ఎప్పుడు కడుపు నిండిందో తెలియదు. నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. ముద్దలు పోతున్నాయి కదా అని తల్లికి తృప్తి. నాలుగు నెలలు గడిస్తే ఫోను లేనిదే నోరు తెరవడు. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు తెరే చూపవద్దని, నాలుగేళ్ల వరకు రోజుకు ఒక గంట మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అన్నం వేళ అయితే నిమిషం కూడా వద్దని నేనంటాను.

పిల్లలకు తమ ఆకలి తమకు తెలుస్తుందా? తెలుస్తుంది. 1926లో అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల వైద్యురాలు అప్పుడే పాలు మాన్పించిన పసివాళ్ల ముందు రకరకాల పదార్థాలు పెట్టి, ఎవరూ తినమనకుండా, వద్దనకుండా, ఏది ఎంత తింటారో రాసిపెట్టడం మొదలుపెట్టింది. అలా మొత్తం పదిహేనుమంది పిల్లలను గమనించింది. ఒక్కొక్కరిది ఒక్కొక్క తిక్క. ఒకరోజు ఒకటే తినడం, మరునాడు దాన్ని ముట్టకపోవడం. అయినా పిల్లలందరూ శుభ్రంగా పెరిగారు. దీన్ని పట్టుకుని “పిల్లలను వదిలేస్తే సరి” అనుకోకండి. ఆమె పెట్టిన వాటిలో గుడ్లు, మాంసం, పాలు, పండ్లు, కూరలు, ధాన్యాలు ఉన్నాయేగాని బిస్కెట్లు, చాక్లెట్లు, ప్యాకెట్లలో వచ్చే కరకరలాడే సరుకు లేవు. ఏమి పెట్టాలో పెద్దలు ఎంచాలి. ఎంత తినాలో బిడ్డ తేల్చుకోవాలి.

రోజుకు మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు ఏదో ఒకటి. మిగతా వేళల్లో మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. ముందర పెట్టి ఇరవై నిమిషాలు చూడండి. తినకపోతే తిట్టకుండా, బతిమాలకుండా తీసేయండి. పదకొండు గంటలకు “ఉదయం ఏమీ తినలేదు పాపం” అని బిస్కెట్ల పొట్లం చేతికివ్వకుండా ఉండటమే కష్టమైన పని. తల్లి ఉండగలిగినా అవ్వ ఉండలేదు. అవ్వలను ఒప్పించే మందు మా ఫార్మసీలో లేదు.

కొత్త కూరను ఒకసారి ఉమ్మేసినంత మాత్రాన ఇష్టం లేదని నిర్ణయించకండి. పది పదిహేనుసార్లు రుచి చూపితేగాని కొందరు పిల్లలు ఒప్పుకోరు. మన ఇళ్లలో ఉన్న తిండే చాలు. రాగులలో సున్నం పుష్కలం. వంద గ్రాములలో మూడు వందల మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. మెత్తటి సంగటి ముద్ద, ఆకుకూర పప్పు, వారానికి కొన్ని గుడ్లు, తినేవాళ్లయితే చేపో మాంసమో, కాలాన్ని బట్టి మామిడిపండు, జామపండు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు బలహీనంగా ఉన్న పిల్లల కోసం ‘హైదరాబాద్ మిక్స్’ అని ఒక పొడి రూపొందించారు. వేయించిన గోధుమలు నాలుగు పాళ్లు, శనగపప్పు ఒకటిన్నర పాళ్లు, వేరుశనగ ఒక పాలు, బెల్లం రెండు పాళ్లు. దీన్ని ఇంట్లో విసురుకోవచ్చు. మాంసకృత్తులు, శక్తి రెండూ దండిగా దొరుకుతాయి.

వేరుశనగ మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక. మన జిల్లాలలో శనక్కాయలు లేని ఇల్లు ఉండదు. అయిదేళ్ల లోపు పిల్లలకు గింజలు గింజలుగా ఇవ్వవద్దు. నవ్వుతూనో పరుగెత్తుతూనో నోట్లో వేసుకుంటే గొంతులోంచి ఊపిరి గొట్టంలోకి జారుతాయి. పొడి చేసి గాని, పచ్చడిగా గాని పెట్టండి.

నిజంగా తినని బిడ్డ

అందరు పిల్లలకూ ఏమీ లేదని నేను అనడంలేదు. కొందరికి నిజంగానే ఉంటుంది.

పలమనేరు వైపు ఇంటి ముందర ఆవు లేని రైతు తక్కువ. ఒకసారి అక్కడ రెండేళ్ల పాపను తెచ్చారు. బొద్దుగా ఉంది, తెల్లగా ఉంది. తెల్లగా ఉందని ఇంటిల్లిపాదికీ మురిపెం. ఆ తెలుపు రక్తం లేని తెలుపు! పాప రోజుకు లీటరుకు పైగా పాలు సీసాతో తాగుతోంది. అన్నం ముట్టదు. పాలు మంచివే, కాని పాలలో ఇనుము లేదన్నా తప్పులేదు. పొట్ట పాలతో నిండితే ఆకలి ఉండదు. ఆకలి లేక అన్నం తినదు. అన్నం తినక రక్తం తగ్గుతుంది. రక్తం తగ్గితే ఉన్న ఆకలీ చస్తుంది. సీసా మాన్పించి, పాలు అర లీటరు లోపలికి తగ్గించి, ఇనుము మందు ఇస్తే కొన్ని వారాలలోనే పాప అన్నం అడగడం మొదలుపెట్టింది.

రక్తహీనత సామాన్యమైన సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో అయిదేళ్ల లోపు పిల్లలలో నూటికి అరవై మందికి పైగా రక్తం తక్కువగా ఉన్నట్లు తేలింది. అందుకే ఆరు నెలలు దాటినప్పటి నుంచి అయిదేళ్ల వరకు వారానికి రెండుసార్లు, ఒక్కొక్క మి.లీ. చొప్పున ఇనుము సిరప్ ఇచ్చే కార్యక్రమం ఉన్నది. ఏడాది దాటిన పిల్లలకు నులిపురుగుల మందు కూడా ఇస్తారు. ఆశా కార్యకర్త ఇచ్చిన సీసాను అలమారలో పెట్టి, షాపులో రంగురంగుల టానిక్కు కొనే తల్లులను చూస్తున్నాను. మట్టి, బలపాలు, గోడ సున్నం తినే పిల్లలను కొట్టవద్దు. రక్తం పరీక్ష చేయించండి.

ఆకలి మందుల గురించి ఒక్క మాట. వాటిలో కొన్నింటిలో సైప్రోహెప్టడీన్ అనే మందు ఉంటుంది. అది అలర్జీకి వాడే మందు. దానివల్ల ఆకలి పెరిగిన మాట నిజమే, పిల్లవాడు మత్తుగా పడి ఉండటమూ నిజమే. మందు ఆపగానే కథ మొదటికి వస్తుంది. డాక్టరు రాయకుండా కొనవద్దు.

మూడు నెలలుగా బరువు పెరగకపోయినా, తగ్గినా, రెండు వారాలకు మించి దగ్గు గాని జ్వరం గాని ఉన్నా, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్నా, మాటిమాటికీ విరేచనాలు అవుతున్నా, పాదాలు వాచినా, ఆటలు మాని మూలన కూర్చున్నా ఆలస్యం చేయకుండా చూపించాలి. అంగన్వాడీలో చేతి దండకు టేపు కట్టి చూస్తారు. చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్లకు తగ్గితే జాగ్రత్త పడాలి, పదకొండున్నరకు తగ్గితే వెంటనే వైద్యం కావాలి.

తల్లి కంచం

మళ్లీ మొదటి తల్లి దగ్గరికి వస్తాను. పిల్లవాడికి ఏమీ లేదని చెప్పాక ఆమె కుర్చీలోంచి లేవబోయి బల్ల పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. మెట్లు ఎక్కివచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. కింది కనురెప్ప లాగి చూశాను. కాగితంలా ఉన్నది.

“పొద్దున ఏం తిన్నావమ్మా?”

“వాడు వదిలిన ఇడ్లీ ముక్కలు తిన్నాలే మేడం.”

“అంతకుముందు?”

“టీ.”

ఆమె దినచర్య అడిగాను. తెల్లవారుజామున అయిదుకు లేస్తుంది. నీళ్లు, వాకిలి, పాపకు జడ, క్యారియరు. భర్త డ్రైవరు, కొండమీదికి బండి తోలుతాడు. ఆయనకు ఒక వేళంటూ లేదు. ఎనిమిదికి పాప ఆటో. ఆ తరువాత వీడితో గంటన్నర యుద్ధం. పదకొండుకు వీడు మిగిల్చింది గిన్నెలోంచే నాలుగు ముద్దలు. మధ్యాహ్నం అత్తగారికి, మామగారికి పెట్టి, వీణ్ణి పడుకోబెట్టి, మూడు గంటలకు మిగిలిన అన్నంలో మజ్జిగ. కూర మిగిలితే కూర. రాత్రి అందరూ తిన్నాక. నిద్ర ముక్కలు ముక్కలుగా అయిదు గంటలు.

“పచ్చి బియ్యం తింటావా?” అని మెల్లగా అడిగాను. నవ్వింది. అత్తగారి వైపు చూసి కొంగు అడ్డం పెట్టుకుంది. “చేటలో చెరిగేటప్పుడు రెండు గుప్పిళ్లు...” అన్నది.

బియ్యం, బలపాలు, మట్టి మీదికి మనసు పోవడం శరీరంలో ఇనుము తక్కువైనప్పుడు కనిపించే లక్షణమని చాలామందికి తెలియదు. అలవాటనుకుంటారు. పరీక్షలో హీమోగ్లోబిన్ 7.2 గ్రాములు వచ్చింది. ఆడవాళ్లకు 12 ఉండాలి. ఎనిమిదికి లోపల అంటే తీవ్రమైన రక్తహీనత. వెంటవెంటనే రెండు కాన్పులు, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, ఆపైన మిగిలింది తినే అలవాటు. ఏడాదిగా తల తిరుగుతున్నదట, అరికాళ్లు మంటలట, పిల్లవాడి మీద ఊరికే కోపం వస్తున్నదట. “నా గుణమే చెడిపోయింది మేడం, వాణ్ణి కొట్టేస్తా ఉండా” అని అప్పుడు ఏడ్చింది. గుణం చెడిపోలేదు, రక్తం తక్కువైంది. అంత తక్కువ రక్తంతో పసివాడి వెంట పరుగెత్తితే ఎవరికి మాత్రం ఓర్పు ఉంటుంది?

బిడ్డ కోసం ఆస్పత్రికి వచ్చిన తల్లిని బిడ్డతోపాటు పరీక్ష చేయడం నాకు ఈ మధ్య అలవాటైంది. మొదట్లో లేదు. ఇరవై ఏళ్ల కిందట ఇలాంటి తల్లులు ఎంతమంది నా ముందర నుంచి లేచి వెళ్లిపోయారో ఇప్పుడు తలచుకుంటే కష్టంగా ఉంటుంది. మన రాష్ట్రంలో ఈడు వచ్చిన ఆడవాళ్లలో సగంమందికి పైగా రక్తహీనత ఉన్నట్లు అదే సర్వే చెప్పింది.

ఆమెకు ఇనుము మాత్రలు రాసి, మూడు సంగతులు గట్టిగా చెప్పాను. మాత్ర వేసుకున్న వేళకు గంట ముందూ, రెండు గంటలు తరువాతా టీ, పాలు వద్దు. అవి ఇనుమును పట్టనివ్వవు. నిమ్మరసం మంచిది. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడి మానవద్దు. కడుపులో వికారంగా ఉంటే భోజనం తరువాత వేసుకోవచ్చు. నీరసం తగ్గిందని నెలకే ఆపవద్దు. రక్తం సరైన స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు వాడితేగాని శరీరంలో ఇనుము నిల్వ నిండదు. మాత్రలు పడనివాళ్లకు నరానికి ఎక్కించే మందులు ఆస్పత్రిలో ఉన్నాయి. నెలసరి సంగతి స్త్రీల వైద్యురాలికి చూపించమన్నాను.

అత్తగారిని పిలిచి పక్కన కూర్చోబెట్టాను. “అవ్వా! మీ మనవడికి టానిక్కు అడిగారు కదా, ఇదిగో” అని చెప్పాను. ఉదయం ఎనిమిదిన్నరకు కోడలు కూడా తన కంచం పెట్టుకుని మనవడి పక్కన కూర్చోవాలి. వాడి చిన్న కంచం వాడికి. ఆమె తన అన్నం తను తినాలి, వాడి నోటి వంక చూడకూడదు. పిల్లలు చెప్పింది చేయరు, చూసింది చేస్తారు. తల్లి తింటుంటే చెయ్యి చాపుతారు. ఆ ఇరవై నిమిషాలు ఆమెను ఎవరూ పిలవకూడదు. పాలవాడు వచ్చినా, ఫోను మోగినా అవ్వే చూసుకోవాలి. రాత్రి భర్త ఇంట్లో ఉన్నరోజు పిల్లవాడికి పెట్టే పని ఆయనదే. తండ్రి దగ్గర మారాం చేయని పిల్లలు చాలామంది ఉన్నారు.

“మగవాళ్లు తినకముందే కోడలు కూర్చుంటే ఎట్లా మేడం?” అన్నది పెద్దావిడ. ఆమె తప్పేమీ లేదు, ఆమె కోడలిగా ఉన్నప్పుడూ అంతే జరిగి ఉంటుంది. ఆమె రెప్ప కూడా లాగి చూశాను. తెల్లగానే ఉంది. ఇద్దరికీ మాత్రలు రాశాను.

మూడు నెలల తరువాత ముగ్గురూ వచ్చారు. కోడలికి 10.6కు పెరిగింది. మెట్లు ఎక్కినా ఆయాసం లేదన్నది, బియ్యం మీదికి మనసు పోవడంలేదన్నది. పిల్లవాడు అర కిలో పెరిగాడు. ఒకరోజు సంగటి రెండు ముద్దలు తింటున్నాడట, మరునాడు ఏమీ ముట్టడంలేదట. తల్లి ఆ మాట నవ్వుతూ చెప్పింది. గది దాటి వెళ్లబోతూ అత్తగారు మళ్లీ వెనక్కు వచ్చి, కోడలికి వినబడకుండా నా చెవిలో అడిగింది:

“అంతా సరే మేడం, వాడికి మాత్రం ఒక చిన్న టానిక్కు రాయకూడదా?”